లూసర్న్, మెడిక్ మొక్కల్లో ఏది ఏదో తేల్చుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

మూడు చిన్న ఆకులు, పసుపు పువ్వు, నేలను పరుచుకున్న కొమ్మలు కనిపించే ఒక ఫొటో చూపించి ఇది ఏ మెడిక్ అని అడిగేవారు చాలామంది ఉన్నారు. ఆ ఫొటోలో కాయ లేకపోతే నిజాయతీగా చెప్పగలిగిన జవాబు ఒక్కటే ఉంటుంది: మెడికాగో ప్రజాతికి చెందినది కావచ్చు, జాతి తేలదు. చిక్కుడు కుటుంబానికి చెందిన ఈ ప్రజాతిలో 80కి పైగా జాతులు ఉన్నాయి. పశుగ్రాసంగా సాగుచేసే లూసర్న్ వాటిలో ఒకటి, మిగతా చాలావాటిని మెడిక్‌లు అంటారు. వాటిలో చాలావాటి పువ్వులు ఒకే పసుపులో, ఒకే ఆకారంలో ఉంటాయి కాబట్టి పువ్వును పట్టుకుని జాతిని నిర్ణయించబోయేవారు తరచుగా తప్పులో పడతారు.

ఈ మార్గదర్శి తరచుగా ఎదురయ్యే 12 రకాల వరకే పరిమితం. చెప్పిన వరుసలోనే పరీక్షించండి, ఎందుకంటే ముందు మెట్టులో తేలని విషయం తర్వాతి మెట్టు ఫలితాన్ని కూడా పాడుచేస్తుంది.

1. సిద్ధం చేసుకోవలసినవి

పరికరాలు ఎక్కువేమీ అక్కరలేదు. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం మాత్రం తప్పనిసరి, అది లేకుండా నూగును గానీ కాయ మీది ఈనెలను గానీ చూడలేరు.

• పది రెట్ల భూతద్దం
• మిల్లీమీటర్లు స్పష్టంగా ఉన్న చిన్న స్కేలు
• సన్నని సూది, చిన్న పట్టకారు
• పదునైన బ్లేడు
• కాయలు వేసుకోవడానికి కాగితపు కవర్లు (ప్లాస్టిక్ కవర్లలో తేమ చేరి బూజు పడుతుంది)
• పెన్సిలు, వరుస సంఖ్యలు వేసిన లేబుళ్లు

సేకరణకు సరైన సమయం మొదటి పువ్వులు విచ్చుకున్నప్పుడు కాదు. కింది కణుపుల దగ్గర కాయలు ముదిరి, కొమ్మ చివర ఇంకా పువ్వులు మిగిలి ఉన్న దశ కోసం ఆగండి. ఈ మొక్కలు కింది నుంచి పైకి పూస్తాయి కాబట్టి ఆ దశలో మొగ్గ, పువ్వు, పచ్చికాయ, ముదురుకాయ నాలుగూ ఒకే మొక్క మీద దొరుకుతాయి.

కొమ్మను తుంచకుండా, వీలున్నచోట వేరుతో సహా ఒక మొక్కను తీయండి. పంట పొలంలో అయితే మొక్క మొదలును ఫొటో తీసుకుని కొమ్మను మాత్రమే కోసుకున్నా సరిపోతుంది. పువ్వు రంగు, ఆకు మీది మచ్చ ఎండిన తర్వాత మారిపోతాయి లేదా మాసిపోతాయి. ఆ రెండింటినీ మొక్క పచ్చిగా ఉన్నప్పుడే రాసిపెట్టుకోవాలి.

ఒక హెచ్చరిక కూడా ముందే చెప్పాలి. రెండు మూడు మెడిక్ జాతులు ఒకే చోట, ఒకదాని కొమ్మల్లోకి మరొకటి చొచ్చుకుని పెరగడం సర్వసాధారణం. పువ్వును ఒక మొక్క నుంచి, కాయను పక్క మొక్క నుంచి తీసి రెండూ ఒకటే అనుకుంటే లోకంలో లేని మొక్క ఒకటి తయారవుతుంది. ప్రతి కొమ్మనూ వేరు దాకా వెతికి చూసుకోండి.

2. అసలు ఇది మెడికాగోయేనా?

గుర్తింపులో జరిగే తప్పుల్లో పెద్ద భాగం ఇక్కడే జరుగుతుంది కాబట్టి ఈ మెట్టు దగ్గర తొందరపడకండి.

మెడికాగో ఆకులో మూడు పత్రకాలు, అంటే ఆకులో భాగమైన మూడు చిన్న ఆకులు, ఉంటాయి. మధ్య పత్రకానికి పక్క రెండింటికంటే పొడవైన చిన్న కాడ ఉంటుంది. పత్రకం అంచు కింది భాగంలో నున్నగా ఉండి, కొన వైపు మాత్రమే సన్నని రంపపు పళ్లు కనిపిస్తాయి. నడిమి ఈనె చాలావాటిలో పత్రకం కొన దాటి సూది మొనలా బయటికి పొడుచుకు వస్తుంది. పువ్వు వాడిన తర్వాత రేకులు రాలిపోయి కాయ బయటపడుతుంది.

క్లోవర్‌లు, అంటే ట్రైఫోలియం జాతులు: చాలావాటిలో మూడు పత్రకాలూ ఒకే బిందువు నుంచి కాడ లేకుండా పుడతాయి. వాడిన రేకులు రాలకుండా గోధుమ రంగులో ఎండిపోయి కాయను కప్పి ఉంచుతాయి. పశుగ్రాసంగా పెంచే బర్సీమ్ కూడా ట్రైఫోలియమే. దాని పూలు లేత మీగడ రంగులో, గుండ్రని ముద్దగా ఉంటాయి కాబట్టి పూసిన తర్వాత లూసర్న్‌తో పొరబడే అవకాశం లేదు, లేత దశలో మాత్రం ఉంది.

చిక్కు తెచ్చిపెట్టేది ట్రైఫోలియం డుబియం అనే చిన్న పసుపు క్లోవర్. దాని మధ్య పత్రకానికి కూడా చిన్న కాడ ఉంటుంది, కాబట్టి కాడ పరీక్ష ఇక్కడ పనిచేయదు. పత్రకం కొనను భూతద్దంలో చూడండి. కొన నొక్కులో నుంచి సన్నని మొన బయటికి వస్తే అది నల్ల మెడిక్, అంటే మెడికాగో లుపులినా. నొక్కు మాత్రమే ఉండి మొన లేకపోతే అది క్లోవర్. పూగుత్తి ముదిరి ఉంటే పని ఇంకా సులువు: మెడిక్‌లో నల్లని కాయలు బయటికి కనిపిస్తాయి, క్లోవర్‌లో ఎండిన రేకులే కనిపిస్తాయి.

మెలిలోటస్ జాతులు: వీటి మధ్య పత్రకానికి కూడా కాడ ఉంటుంది. అయితే రంపపు పళ్లు పత్రకం కొన దగ్గరే ఆగకుండా దాదాపు అంచు పొడవునా ఉంటాయి. పూగుత్తి సన్నగా, పొడవుగా సాగుతుంది. కాయ తిన్నగా, అండాకారంలో, ఒకటి రెండు గింజలతో ఉంటుంది. మొక్క ఎండుతున్నప్పుడు కూమరిన్ అనే రసాయనం వల్ల ఎండుగడ్డి పరిమళం వస్తుంది. పూతకు రాని లూసర్న్‌ను, పూతకు రాని మెలిలోటస్‌ను విడదీయడానికి అంచు పళ్ల పరీక్షే అన్నిటికంటే నమ్మదగినది.

ట్రైగోనెల్లా జాతులు: మెంతి ఈ ప్రజాతిదే. మెంతి కాయ పొడవుగా, దాదాపు తిన్నగా ఉండి చివర ముక్కులా సాగుతుంది. ఒకప్పుడు ట్రైగోనెల్లాలో ఉంచిన కొన్ని జాతులను తర్వాత మెడికాగోలోకి మార్చారు. పాత హెర్బేరియం (ఎండబెట్టి భద్రపరచిన మొక్కల సేకరణ) లేబుళ్ల మీద ట్రైగోనెల్లా మాన్‌స్పెలియాకా అని కనిపిస్తే, ఇప్పుడు దాన్ని మెడికాగో మాన్‌స్పెలియాకా అంటారని గుర్తుంచుకోండి.

లోటస్ జాతులు: పసుపు పూలున్న లోటస్ కార్నిక్యులాటస్‌ను దూరం నుంచి పసుపు లూసర్న్ (మెడికాగో ఫల్కేటా) అనుకునే అవకాశం ఉంది. దగ్గరికి వెళ్లి పత్రకాలను లెక్కపెడితే ఐదు ఉంటాయి, వాటిలో రెండు ఆకు కాడ మొదట్లో పత్రపుచ్ఛాల్లా (4వ భాగంలో చెప్పిన చిన్న రెక్కల్లా) అంటుకుని ఉంటాయి. పత్రకాల అంచున పళ్లు ఉండవు.

పులిచింత చిక్కుడు కుటుంబపు మొక్కే కాదు. దాని పత్రకాలు హృదయాకారంలో ఉంటాయి, పువ్వుకు ఐదు సమానమైన రేకులు ఉంటాయి. ఇంతకుమించి దాని గురించి ఆలోచించనక్కరలేదు.

3. మొదలు చూడండి: బహువార్షికమా, ఏకవార్షికమా?

లూసర్న్ లోతైన తల్లివేరు ఉన్న బహువార్షికం. ముదిరిన మొక్క మొదట్లో, నేల మట్టానికి, చేవదేరిన ఒక ముద్ద ఉంటుంది. పైభాగాన్ని కోసిన ప్రతిసారీ అక్కడి నుంచే చాలా కొమ్మలు మళ్లీ లేస్తాయి. ఈ ముద్ద కనిపిస్తే మీ పరిశీలన లూసర్న్ కూటమికీ (8వ భాగం), మరి కొన్ని బహువార్షికాలకూ పరిమితమవుతుంది.

ముళ్లకాయలు కాసే మెడిక్‌లు దాదాపు అన్నీ ఏకవార్షికాలే. వాటి వేరు సన్నగా ఉంటుంది, మెత్తని నేలలో లాగితే తేలిగ్గా వస్తుంది. నల్ల మెడిక్ ఏకవార్షికంగానూ, కొన్నేళ్లు బతికే మొక్కగానూ పెరుగుతుంది కాబట్టి దాన్ని ఈ లక్షణంతో తేల్చకండి. అలాగే విత్తిన మొదటి నెలల్లో లూసర్న్‌కు కూడా మొదలు దగ్గరి ఈ ముద్ద ఏర్పడి ఉండదు.

4. పత్రపుచ్ఛాలను చదవడం

కాయ తర్వాత ఎక్కువ సమాచారం ఇచ్చే భాగం ఇదే. అయినా చాలామంది దీన్ని చూడనే చూడరు. ఆకు కాడ కాండానికి అతుక్కున్న చోట రెండు వైపులా ఉండే చిన్న ఆకులాంటి రెక్కలే పత్రపుచ్ఛాలు.

కొమ్మ కొన నుంచి కిందికి మూడో కణుపు లేదా నాలుగో కణుపు ఎంచుకోండి. కొన దగ్గరివి ఇంకా పెరగనివి, నేల దగ్గరివి చిరిగిపోయినవి, రెండూ మోసం చేస్తాయి. ఆకు కాడను కాండం నుంచి మెల్లగా బయటికి వంచి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని భూతద్దంలో చూడండి.

కనిపించేది మూడు తరగతుల్లో ఒకటిగా ఉంటుంది. ఇక్కడి నుంచి మెడికాగో జాతులకు రెండో పేరు మాత్రమే వాడుతున్నాం.

క) అంచు నున్నగా, లేదా మొదట్లో ఒకటి రెండు చిన్న పళ్లతో ఉండేవి. లుపులినా, మినిమా, లూసర్న్ ఈ తరగతిలోకి వస్తాయి. లూసర్న్‌లో ఇవి సన్నగా, కొనదేరి ఉంటాయి.

చ) అంచు పొడవునా స్పష్టమైన పళ్లు ఉండి, చీలిక లోపలికి ఎక్కువగా వెళ్లనివి. అరాబికా, స్కుటెల్లాటా ఇక్కడికి వస్తాయి. ట్రంకాట్యులా కూడా చాలావరకు ఇక్కడే చేరుతుంది.

ట) లోతుగా చీలి, దారాల్లాంటి సన్నని పోగులుగా విడిపోయినవి. పాలిమార్ఫా, ఆర్బిక్యులారిస్, లాసినియేటా ఇలా ఉంటాయి. పాలిమార్ఫాలో చీలికలు రెక్క వెడల్పులో సగం దాటి లోపలికి వెళ్తాయి, ఒక్కో పోగు చివర సూదిలా సన్నబడుతుంది. ఒకసారి చూసినవారు మళ్లీ మరచిపోరు.

రెండో తరగతికీ మూడో తరగతికీ మధ్య సందేహం వస్తే అదే మొక్క మీద కనీసం ఐదు కణుపులు చూసి, ఎక్కువ కణుపుల్లో కనిపించిన దాన్ని రాసుకోండి.

5. ఆకు, నూగు

ఆకు మీది ముదురు మచ్చకు లేనిపోని ప్రాధాన్యం వచ్చింది. మెడికాగో అరాబికాలో ప్రతి పత్రకం మధ్యలో ముదురు ఊదా లేదా నల్లని మచ్చ ఉండటం మామూలే. అయితే కొన్ని మొక్కల్లో అది పాలిపోతుంది, కొన్నింటిలో అసలు ఉండదు. పైగా ట్రంకాట్యులా వంటి ఇతర ఏకవార్షికాల్లో కూడా మచ్చలు కనిపిస్తాయి. మచ్చను అనుమానానికి ఆధారంగా తీసుకోవచ్చు గానీ నిర్ణయానికి తీసుకోకూడదు.

అరాబికాకు మచ్చ కంటే మంచి గుర్తు ఆకు కాడ మీద ఉంది. అక్కడ చెదురుమదురుగా పొడవైన వెంట్రుకలు ఉంటాయి. భూతద్దంలో చూస్తే ఒక్కో వెంట్రుక గొలుసుకట్టుగా, కణుపులు ఉన్నట్టు కనిపిస్తుంది.

నూగు విషయంలో నాలుగు మాటలు చాలు. మినిమా మొక్క మొత్తం దట్టమైన నూగుతో బూడిద రంగు ఛాయలో ఉంటుంది. పాలిమార్ఫా ఆకులు దాదాపు నున్నగా ఉంటాయి. ట్రంకాట్యులా ఆకులు నూగుతో ఉంటాయి. సముద్రతీరపు ఇసుకలో పెరిగే మెరీనా ఒళ్లంతా తెల్లని ఉన్ని కప్పుకుని ఉంటుంది కాబట్టి దాన్ని పువ్వు లేకున్నా పోల్చుకోవచ్చు.

లాసినియేటాలో పత్రకాల అంచే లోతుగా కోసినట్టు చీలి ఉంటుంది. ఈ లక్షణాన్ని కొమ్మ పైభాగంలోని ఆకుల్లో చూడాలి, కింది ఆకుల్లో అంత స్పష్టంగా ఉండకపోవచ్చు.

6. పువ్వు: రంగు కంటే కొలతే ముఖ్యం

పువ్వును పక్కనుంచి స్కేలు మీద పెట్టి కొలవండి. గుత్తిలో ఎన్ని పూలున్నాయో లెక్కపెట్టండి. ఈ రెండు అంకెలు రంగు కంటే ఎక్కువ చెబుతాయి.

• లూసర్న్, పసుపు లూసర్న్: సుమారు 8–11 మి.మీ., గుత్తిలో చాలా పూలు
• లుపులినా: 2–3 మి.మీ., బిగుతైన చిన్న తలలా 10 నుంచి 50 పూలు
• పాలిమార్ఫా: సుమారు 3–6 మి.మీ., గుత్తికి కొద్ది పూలే
• అరాబికా: సుమారు 4–7 మి.మీ., గుత్తికి కొద్ది పూలే
• ట్రంకాట్యులా, స్కుటెల్లాటా: సాధారణంగా గుత్తికి ఒకటి నుంచి మూడు పూలు

మొక్క మెడికాగోయేనా అన్న సందేహం ఇంకా మిగిలి ఉంటే ఒక చిన్న పరీక్ష ఉంది. అప్పుడే విచ్చుకున్న లూసర్న్ పువ్వులో కింది రెండు రేకులు కలిసిన పడవ భాగాన్ని సూది మొనతో మెల్లగా కిందికి నొక్కండి. లోపల బిగపట్టి ఉన్న కేసరాలు, కీలంతో సహా, ఒక్కసారిగా ఎగిసి పై రేకును తాకుతాయి. తేనెటీగ వాలినప్పుడు జరిగేది కూడా ఇదే. ఒకసారి ఎగిసిన తర్వాత అవి తిరిగి పడవలోకి వెళ్లవు, కాబట్టి వాడిన పువ్వు మీద, ఇదివరకే కీటకం వాలిన పువ్వు మీద ఈ పరీక్ష పనిచేయదు.

7. కాయ: నిర్ణయం జరిగే చోటు

కాయ గోధుమ రంగుకో నల్లరంగుకో తిరిగి, గోరుతో నొక్కితే గట్టిగా తగలాలి. చాలా మెడిక్‌లలో కాయ సుళ్లు తిరిగి ఉంటుంది, పచ్చికాయలో ఆ చుట్లు పూర్తిగా ఏర్పడవు, ముళ్లు మెత్తగా వంగి ఉంటాయి, ఈనెలు కండలో కప్పబడి ఉంటాయి.

ఒకే మొక్క నుంచి కనీసం ఐదు కాయలు తీసుకుని ఈ వరుసలో చూడండి.

7.1 చుట్ల లెక్క. కాయ కాడకు అతుక్కున్న బిందువు దగ్గర పెన్నుతో చుక్క పెట్టండి. అక్కడి నుంచి అంచు వెంట సూది మొనను నడిపించండి. మొన మళ్లీ ఆ చుక్క పైకి వచ్చినప్పుడల్లా ఒక చుట్టు. ముళ్లు అడ్డువస్తే బ్లేడుతో ఒక వైపు ముళ్లను గీకేయవచ్చు. చుట్లు గట్టిగా బిగిసిపోయిన కాయను గోరువెచ్చని నీటిలో నానబెట్టి నిలువుగా కోస్తే లోపలి అంతస్తులు లెక్కకు అందుతాయి.

7.2 మధ్య రంధ్రం. కాయను వెలుతురుకు ఎదురుగా, చుట్ల మధ్య నుంచి చూసేలా పట్టుకోండి. లూసర్న్ కాయలో చుట్లు వదులుగా ఉండి నడుమ నుంచి వెలుతురు వస్తుంది. ముళ్లకాయల మెడిక్‌లలో నడిభాగం మూసుకుని ఉంటుంది.

7.3 ముళ్లు. ఉన్నాయా లేదా అన్నదే కాకుండా కొన కొక్కెంలా వంగిందా, తిన్నగా ఉందా, ముల్లు మొదట్లో గాడి ఉందా అన్నవి కూడా చూడండి.

7.4 ముఖం. చుట్టు పైభాగాన్ని, అంటే బిళ్లలా కనిపించే వైపును భూతద్దంలో చూసి ఈనెల అల్లికను గమనించండి.

ఇక జాతులవారీగా ఏం కనిపిస్తుందో చూద్దాం.

లుపులినా కాయలో చుట్లు ఉండవు. మూత్రపిండం ఆకారంలో వంగి, 2–3 మి.మీ. పొడవుతో, పండితే నల్లబడుతుంది. పైన ఉబ్బెత్తు ఈనెలు ఉంటాయి, లోపల ఒకే గింజ ఉంటుంది. ముళ్లు లేవు.

పాలిమార్ఫా కాయను అరచేతిలో పెట్టుకుని చూస్తే అంచు వెంట రెండు వరుసల కొక్కెపు ముళ్లు కనిపిస్తాయి. ఉన్నికీ బట్టకూ అంటుకుని దూరాలకు చేరేది వీటి వల్లే. చుట్ల సంఖ్య మొక్కను బట్టి మారుతుంది కాబట్టి దాని మీద ఆధారపడవద్దు. ముఖం మీది ఈనెలు ఉబ్బి, ఒకదానితో ఒకటి కలిసి గట్టి వలలా అల్లుకుని ఉంటాయి. ఈ వలతో పాటు లోతుగా చీలిన పత్రపుచ్ఛాలు కూడా ఉంటే మరో సందేహం అక్కరలేదు.

అరాబికా కాయ దాదాపు గోళాకారంలో ఉంటుంది. ముఖం మీద పాలిమార్ఫాలో ఉన్నంత స్పష్టమైన వల ఉండదు. కాయ అంచును మీకు ఎదురుగా తిప్పి చూస్తే రెండు వరుసల ముళ్ల మధ్య సన్నని గాడులు కనిపిస్తాయి.

మినిమా కాయ ముళ్లు మినహాయించి 3–5 మి.మీ. మాత్రమే. చుట్లు 3 నుంచి 5 ఉంటాయి, ముళ్ల కొనలు కొక్కెంలా ఉంటాయి. చిన్న పాలిమార్ఫా కాయతో దీన్ని పొరబడితే పత్రపుచ్ఛాల దగ్గరికి తిరిగి వెళ్లండి: నున్నని అంచు ఉంటే మినిమా.

ఆర్బిక్యులారిస్ కాయ చదునైన పెద్ద బిళ్లలా, 1 సెం.మీ. దాటిన వెడల్పుతో, కాగితంలా పల్చని అంచులతో ఉంటుంది. ముళ్లు లేవు. స్కుటెల్లాటాకూ ముళ్లు లేవు గానీ దాని చుట్లు చదునుగా ఉండక, ఒకదానిలో ఒకటి సర్దిపెట్టిన గిన్నెల్లా లోతుగా ఒదిగి ఉంటాయి. తాకితే జిగురుగా తగిలే గ్రంథికేశాలు (జిగురు స్రవించే వెంట్రుకలు) కూడా ఉంటాయి.

ట్రంకాట్యులా కాయ రెండు చివరలా నరికినట్టు చదునైన స్తూపంలా ఉంటుంది. చుట్లు ఒకదానికొకటి అదిమిపెట్టినట్టు బిగిసి, గోరుతో విడదీయడానికి కూడా రావు. ముళ్లు మొద్దుగా ఉంటాయి. లిట్టొరాలిస్ అనే జాతి దీనికి అతి దగ్గరది. ఈ రెండింటినీ పొలం గట్టు మీద నిలబడి విడదీయబోకుండా, లేబుల్ మీద రెండు పేర్లూ రాసి, నమూనాను నిర్ధారిత హెర్బేరియం నమూనాలతో పోల్చడం మంచి పద్ధతి.

8. లూసర్న్ కూటమిలోని మూడు పేర్లు

ఇక్కడ కష్టం మొక్కను చూడటంలో లేదు, గీత ఎక్కడ గీయాలన్న దానిలో ఉంది. ఊదా పూల సటైవా (మామూలు లూసర్న్), పసుపు పూల ఫల్కేటా (పసుపు లూసర్న్) ఒకదానితో ఒకటి సులువుగా సంకరం చెందుతాయి. ఆ సంకరానికి వేరియా అని పేరు. సంకర మొక్కలు మళ్లీ రెండు వైపులా కలుస్తాయి కాబట్టి మధ్యలో తెగని వరుస ఏర్పడుతుంది.

సటైవాలో పూలు ఊదా లేదా నీలి ఛాయలో ఉంటాయి, కాయ సుమారు 2 నుంచి 4 చుట్లు తిరుగుతుంది. ఫల్కేటాలో పూలు పసుపు, కాయ కొడవలిలా వంగి ఉంటుంది లేదా దాదాపు తిన్నగా ఉంటుంది. వేరియాలో కాయ సుమారు అర చుట్టు నుంచి ఒకటిన్నర చుట్టు వరకు తిరుగుతుంది. పూలు పసుపు, ఆకుపచ్చ, మాసిన ఊదా రంగుల కలగలుపుగా ఉంటాయి, కొన్ని దాదాపు నల్లగా కూడా కనిపిస్తాయి. ఒకే గుత్తిలో పై పూలు ఒక రంగు, కింది పూలు మరో రంగు కావచ్చు.

పనికొచ్చే పద్ధతి ఇది. ఒకే చోటున్న కనీసం పది మొక్కలను చూడండి, ఒక్కోదాని నుంచి ఐదు కాయలు తీసి చుట్లు లెక్కపెట్టండి. రంగూ చుట్లూ రెండూ ఒకే దిక్కు చూపిస్తే పేరు పెట్టండి. రంగు ఊదాగా ఉండి చుట్లు ఒకటిన్నర దాటకపోతే, లేదా రంగులు కలగలిసి ఉంటే వేరియా అని రాయండి. చలిని తట్టుకునేలా తయారుచేసిన చాలా సాగు రకాల్లో ఫల్కేటా రక్తం ఉంది కాబట్టి, పొలంలోని లూసర్న్ సంచి మీద ఏ పేరున్నా మొక్క ఇలాంటి లక్షణాలు చూపించడంలో ఆశ్చర్యం లేదు.

ఈ మూడింటినీ కొందరు వేర్వేరు జాతులుగా, కొందరు సటైవాలోని ఉపజాతులుగా లెక్కిస్తారు. రెండు పద్ధతులూ చెల్లుతాయి. మీరు ఏ పద్ధతి అనుసరించారో లేబుల్ మీద స్పష్టంగా ఉంటే చాలు. సాగు లూసర్న్‌లో 32 క్రోమోజోములు, పాలిమార్ఫాలో 14 ఉంటాయన్నది నిజమే గానీ, అది ప్రయోగశాలలో పనికొచ్చే విషయం. భూతద్దం పట్టుకున్నవారికి దాని అవసరం లేదు.

9. తరచుగా జరిగే పొరపాట్లు, వాటి సవరణ

కాయకు ముళ్లు లేవు కాబట్టి పాలిమార్ఫా కాదనడం. పాలిమార్ఫాలో ముళ్లు లేని రూపాలు, మొండి ముళ్ల రూపాలు ఉన్నాయి. సవరణ: ముళ్లను పక్కన పెట్టి ముఖం మీది వలను, పత్రపుచ్ఛాల చీలికను చూడండి.

నేలబారుగా ఉంది కాబట్టి లూసర్న్ కాదనడం. పదేపదే కోసిన, తొక్కిన, మేసిన మొక్క నేలకు అంటుకుని పెరుగుతుంది. సవరణ: నిలువును వదిలేసి మొదట్లోని ముద్దను, పువ్వు కొలతను చూడండి.

ఎండిన నమూనా నుంచి రంగు చదవడం. ఊదా వెలిసిపోతుంది, పసుపు మాసిపోతుంది. సవరణ: సేకరించినప్పటి రాత లేకపోతే రంగును లెక్కలోకి తీసుకోకుండా కాయ చుట్లతోనే నిర్ణయించండి.

ఫొటోను యాప్‌కు ఇచ్చి వచ్చిన మొదటి పేరు రాసుకోవడం. యాప్ ప్రజాతి వరకు బాగానే తీసుకువెళ్తుంది, జాతి దగ్గర అది చూసేది సాధారణంగా ఆకునూ పువ్వునూ మాత్రమే. సవరణ: యాప్‌కైనా ముదురుకాయ, పత్రపుచ్ఛం దగ్గరి ఫొటోలు విడివిడిగా ఇవ్వండి.

ఒక్క కాయతో తేల్చడం. మొదటి కాయలు, చివరి కాయలు కుంచించుకుపోయి తక్కువ చుట్లతో ఉండవచ్చు. సవరణ: కొమ్మ నడిభాగంలోని కాయలు తీసుకోండి.

10. నిర్ణయ క్రమం

మొదటి నుంచి మొదలుపెట్టి, ఎక్కడ సరిపోతే అక్కడ ఆగండి.

1. మొక్క చేవదేరిన కొమ్మలున్న పొద అయితే అర్బోరియా. కాకపోతే 2కు వెళ్లండి.
2. మొక్క అంతా తెల్లని ఉన్నితో తీరపు ఇసుకలో ఉంటే మెరీనా. కాకపోతే 3.
3. పువ్వు సుమారు 8 మి.మీ. లేదా అంతకంటే పెద్దదై, గుత్తిలో చాలా పూలుండి, మొక్క బహువార్షికం అయితే లూసర్న్ కూటమి, 8వ భాగం చూడండి. కాకపోతే 4.
4. కాయ మూత్రపిండాకారంలో, ఒకే గింజతో, పండితే నల్లగా ఉంటే లుపులినా. కాయ చుట్లు తిరిగి ఉంటే 5.
5. కాయకు ముళ్లు లేకపోతే 6, ఉంటే 7.
6. చదునైన పెద్ద బిళ్ల అయితే ఆర్బిక్యులారిస్. గిన్నెల్లా ఒదిగిన చుట్లయితే స్కుటెల్లాటా. చిన్న కాయ మీద గట్టి వల ఉండి పత్రపుచ్ఛాలు లోతుగా చీలి ఉంటే ముళ్లు లేని పాలిమార్ఫా.
7. కాయ స్తూపంలా, చుట్లు విడదీయరానంత బిగుతుగా, ముళ్లు మొద్దుగా ఉంటే ట్రంకాట్యులా లేదా లిట్టొరాలిస్. కాకపోతే 8.
8. పత్రపుచ్ఛాల అంచు దాదాపు నున్నగా, మొక్క దట్టమైన నూగుతో ఉంటే మినిమా. కాకపోతే 9.
9. పై ఆకుల పత్రకాలే లోతుగా చీలి ఉంటే లాసినియేటా. కాకపోతే 10.
10. పత్రపుచ్ఛాలు పోగులుగా చీలి, కాయ ముఖం మీద గట్టి వల ఉంటే పాలిమార్ఫా. పత్రపుచ్ఛాలకు పళ్లు మాత్రమే ఉండి, ఆకు కాడ మీద గొలుసుకట్టు వెంట్రుకలుంటే అరాబికా.

మధ్యధరా సముద్రం చుట్టుపక్కల ప్రాంతాల్లో ఈ క్రమం ఒక్కటే సరిపోదు. ఈ ప్రజాతికి అది సొంత ఇల్లు, ఇక్కడ చెప్పని జాతులు ఎన్నో పక్కపక్కనే పెరుగుతాయి. అక్కడ ఆ ప్రాంతపు వృక్షజాల గ్రంథాన్ని కూడా దగ్గర ఉంచుకోండి.

11. లేబుల్ మీద ఉండవలసినవి

• తేదీ, స్థలం, నేల రకం, పంట పొలమా బీడు భూమా అన్న వివరం
• పచ్చిగా ఉన్నప్పటి పువ్వు రంగు, మి.మీ.లలో కొలత, గుత్తిలో పూల సంఖ్య
• ఆకు మచ్చ ఉందా లేదా
• పత్రపుచ్ఛాల తరగతి
• ఐదు కాయల చుట్ల లెక్క విడివిడిగా, సగటుగా కాదు
• ముళ్లు, ముఖం, మధ్య రంధ్రం గురించి ఒక్కో వాక్యం
• పేరు ఏ లక్షణాల ఆధారంగా పెట్టారో

కాయలు దొరకకపోతే జాతి పేరు రాయకుండా మెడికాగో అని మాత్రమే రాసి, ఆ చోటుకు కొన్ని వారాల తర్వాత మళ్లీ వెళ్లండి. కిందటి ఏడాది ఎండుకాయలు మొక్క కింద మట్టిలో దొరికితే వాటిని తీసుకోవచ్చు గానీ, అవి ఈ మొక్కవేనన్న హామీ లేదు కాబట్టి వేరే కవరులో, వేరే సంఖ్యతో పెట్టండి. వాటి గింజలను మొలిపించి చూడాలనుకుంటే, గింజ పైపొర నీటిని లోపలికి రానివ్వనంత గట్టిగా ఉంటుంది. గరుకు కాగితం మీద మెల్లగా రుద్ది, పైపొర గీసుకున్నాక తడిపితే మొలకెత్తుతాయి, ఆ మొక్కలను కాయ ముదిరేదాకా పెంచి 4వ భాగం నుంచి పరీక్ష మళ్లీ మొదలుపెట్టవచ్చు.